రోము నగరంలో పూటకూళ్ళిల్లు

పై చదువులనగానే అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా అని వల్లించే మన కాలేజీ కుర్రకారు ఈమధ్య ఇటలీ పేరు కూడా ఎత్తుతున్నారు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ప్రాంతీయ ప్రభుత్వాలిచ్చే స్కాలర్‌షిప్పులకు విదేశీ విద్యార్థులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీసా గురించీ, అడ్మిషను గురించీ, గది అద్దె గురించీ చెప్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. కాని వెళ్ళిన వారం తిరక్కుండానే ఎదురయ్యే చిక్కొకటుంది. దాని సంగతి ఎవరూ చెప్పరు.

క్లాసులో పక్కన కూర్చున్న పిల్లో పిల్లవాడో "ఇవాళ రాత్రి అందరం భోజనానికి పోతున్నాం, వస్తావా?" అని పిలుస్తారు. పోతే జేబు సంగతేమిటి? మాంసం ముట్టని వాడి సంగతేమిటి? మెనూలో ఉన్న ఆ మాటలకు అర్థాలేమిటి? ఈ భయాలతో "తలనొప్పిగా ఉంది" అని ఒకసారి తప్పించుకోవచ్చు, రెండుసార్లు తప్పించుకోవచ్చు. మూడోసారి పిలవడం మానేస్తారు. ఆ పైన రెండేళ్ళూ గదిలో పప్పుచారు కాచుకుంటూ, మన ఊరివాళ్ళతో ఫోనులో మాట్లాడుకుంటూ గడిపి, డిగ్రీ చేత పట్టుకుని వచ్చేసినవాళ్ళు నాకు తెలుసు. రోములో స్నేహాలు క్లాసులో కుదరవు, భోజనాల బల్ల దగ్గర కుదురుతాయి. అందుకని రోములో రెండేళ్ళు మసలిన అనుభవంతో, అక్కడి మామూలు భోజన హోటలు ఎలా నడుస్తుందో వెళ్ళబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ కాస్త విడమరచి చెబుదామని ఈ ప్రయత్నం.

మొదట బోర్డు చదవడం నేర్చుకోవాలి. 'రిస్టొరాంతె' అంటే కొంచెం దర్జా గల హోటలు. 'త్రత్తోరియా' అంటే ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే భోజన హోటలు, మన పాతకాలపు పూటకూళ్ళిల్లు లాంటిదన్నమాట. 'ఒస్తెరియా' అన్నది పూర్వం ద్రాక్షసారాయి పోసే అంగడి. కూలిజనం తిండి మూట కట్టుకొచ్చి, అక్కడ కూర్చుని, సారాయి మాత్రం కొనుక్కునేవారు. మన కల్లు కాంపౌండులో శనగలు పొట్లం విప్పుకున్నట్టే! ఇవాళ ఈ మూడు పేర్లకీ మధ్య గీతలు చెరిగిపోయాయి. 'ఒస్తెరియా' అని వినయంగా బోర్డు పెట్టుకుని చుక్కలనంటే ధరలు వేసేవాళ్ళూ ఉన్నారు. కనుక పేరు కంటే గుమ్మం పక్కన అంటించిన ధరల పట్టిక నమ్మదగినది. ఆ పట్టిక బయటికి కనబడేట్టు పెట్టాలని చట్టం. అది లేని చోటికి పోకండి. ఆరు భాషల్లో రంగురంగుల ఫోటోలతో మెనూ పెట్టి, గుమ్మంలో మనిషిని నిలబెట్టి చెయ్యి పట్టుకుని లోపలికి లాగే చోటికి అసలే పోకండి.

భాష విషయంలో మనకొక సౌకర్యముంది. మన తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నారు గదా. వాళ్ళ మాటలు కూడా మనవాటి లాగే చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. నోరు తిరగడానికి కష్టం లేదు. అయితే ద్విత్వాల దగ్గర జాగ్రత్త. గొట్టాల్లా ఉండే పాస్తాను 'పెన్నె' అనాలి. ఆ 'న' వత్తు మింగేశారో, పెద్దల ముందు అనకూడని మాట అవుతుంది, సర్వరు మీసాల్లో నవ్వుకుంటాడు. ఇంకో తమాషా: అమెరికా వాడి పుణ్యమా అని 'పెపెరోనీ' అనగానే మనకు మాంసం ముక్కలు గుర్తొస్తాయి. ఇటలీలో 'పెపెరోని' అంటే ఉత్త బెంగుళూరు మిరపకాయలు! శాకాహారి నిశ్చింతగా తినొచ్చు. 'లాత్తె' అని అడిగితే కాఫీ రాదు, గ్లాసుడు పాలు వస్తాయి.

మన విస్తట్లో పప్పూ, కూరా, పచ్చడీ, పులుసూ అన్నీ ఒక్కసారే కొలువు తీరుతాయి. ఏది దేనితో కలుపుకోవాలో తినేవాడి ఇష్టం. అక్కడ అలా కాదు, వరస ఉంది. మొదట 'అంతిపాస్తొ', అంటే నంజుకునే చిరుతిండి. తర్వాత 'ప్రీమొ', అంటే మొదటిది: పాస్తాయో, బియ్యంతో చేసే రిజొత్తోయో, సూపో. ఆ తర్వాత 'సెకొందొ', రెండోది: మాంసమో చేపో. దాని పక్కకి కూరగాయ కావాలంటే 'కొంతోర్నొ' అని విడిగా చెప్పుకోవాలి, విడిగా డబ్బివ్వాలి. చివర తీపి, ఆ చివర కాఫీ. ఇదంతా చూసి బెదిరిపోనక్కర్లేదు. అన్నీ తెప్పించుకోవాలని రూలేమీ లేదు. విద్యార్థులు సాధారణంగా ఒక ప్రీమొతో సరిపెడతారు, ఎవరూ వింతగా చూడరు. మామూలు త్రత్తోరియాలో ప్లేటు పాస్తా ఇప్పుడు 10 నుంచి 15 యూరోల మధ్య ఉంటుంది. మన డబ్బుల్లోకి మార్చి చూసుకుంటే గొంతు దిగదు, కనుక బల్ల దగ్గర ఆ లెక్క వేయకండి!

ఇక పాస్తా. దాని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి.

మన హైదరాబాదు, విజయవాడ రెస్టారెంట్లలో 'వైట్ సాస్, రెడ్ సాస్' అని రెండు రంగుల్లో దొరికేది రోములో ఎవరికీ తెలీదు. రోముకు పాస్తాలో నాలుగు స్తంభాలున్నాయి. ఒకటి తెలిస్తే నాలుగూ తెలిసినట్టే. పంది చెంప మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి ఆరబెడతారు, దాన్ని 'గ్వాంచాలె' అంటారు. దాన్ని సన్నగా కోసి దాని కొవ్వులోనే వేయించి, గొర్రెపాల చీజు అయిన 'పెకొరీనొ రొమానొ'ను, మిరియాల పొడిని కలిపితే 'గ్రీచ'. గ్రీచలో టమాటా వేస్తే 'అమత్రిచాన'. టమాటా బదులు గుడ్డు వేస్తే 'కర్బొనార'. గ్రీచలోంచి మాంసం తీసేసి చీజూ మిరియాలూ మాత్రం ఉంచితే 'కాచొ ఎ పేపె'. కూడికలూ తీసివేతలే, అంతకుమించి బ్రహ్మవిద్యేమీ లేదు.

పురాతనమని ఊరేగే కర్బొనార నిజానికి నిన్నమొన్నటిది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందరి వంట పుస్తకాల్లో దాని పేరు కనబడదు. 1954లో ఒక ఇటాలియన్ వంటల పత్రికలో అచ్చయిన పద్ధతిలో గ్రుయేర్ చీజు, వెల్లుల్లి కూడా ఉన్నాయి. ఇవాళ రోములో వంటవాడి ముందు కర్బొనారలో వెల్లుల్లి అన్నామంటే యుద్ధానికొస్తాడు. మన దగ్గర గోంగూరలో ఏం వెయ్యాలి, పులిహోరలో ఏం వెయ్యకూడదు అని జిల్లాల వారీగా జరిగే తగాదాల్లాంటివే ఇవీను. అమత్రిచాన పేరు రోముకు ఈశాన్యాన కొండల్లో ఉన్న అమత్రీచె అనే ఊరి నుంచి వచ్చింది. 2016 ఆగస్టు 24న వచ్చిన భూకంపంలో ఆ ఊరు నేలమట్టమయింది. అప్పుడు ఇటలీ అంతటా హోటళ్ళవారు ప్లేటు అమత్రిచానకు రెండు యూరోల చొప్పున (ఒకటి తిన్నవాడిది, ఒకటి హోటలుది) బాధితుల కోసం పోగుచేశారు. ఒక ఊరు తన వంటకం పేరుతో సాయం పొందడం అరుదైన సంగతి.

కాచొ ఎ పేపె చూడటానికి అతి సులువు, చెయ్యడం మాత్రం గండం. వేడి తగిలితే చీజులోని మాంసకృత్తులు ముద్ద కట్టి సాగిపోతాయి. పాస్తా ఉడికిన గంజిలోని పిండిపదార్థం ఆ ముద్దకట్టడాన్ని ఆపుతుంది. మన సైన్సు విద్యార్థులు సంతోషించాల్సిన విషయమేమంటే, ఇటలీ భౌతికశాస్త్రజ్ఞులు కొందరు దీనిమీద పరిశోధన చేసి 2025లో పేపరు అచ్చువేశారు. చీజు బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం ఉంటే సాసు విరగదట, 1 శాతానికి తగ్గితే ముద్దయిపోతుందట. మొదట నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్‌నోబెల్ బహుమానం ఆ ఏడాది భౌతికశాస్త్రంలో వీరికే వచ్చింది.

ఆ ప్లేటులో నల్లగా మెరిసే మిరియాలు మనవే. కేరళ తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళినవి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పండితుడు, ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్ము ఇండియాకి తరలిపోతోందని వాపోయాడు. నగరం నడిబొడ్డున, రాచవీధి పక్కన మిరియాల గిడ్డంగులే కట్టారు. వాటి శిథిలాలు ఇవాళ ఫోరం దగ్గర ఉన్నాయి. ఆ సొమ్ము ఆనవాళ్ళుగా మన నల్లగొండ జిల్లాలోనూ రోమన్ నాణేలు దొరికాయి. ఇక టమాటా, పండుమిరపకాయ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. టమాటా లేని ఇటలీ, మిరపకాయ లేని గుంటూరు ఐదారు వందల ఏళ్ళ క్రితం దాకా ఉండేవంటే నమ్మబుద్ధి కాదు.

పాస్తా 'అల్ దెంతె'గా, అంటే పంటికి తగిలేట్టుగా, కాస్త పలుకు మిగిలేట్టు ఉడికిస్తారు. మనవాళ్ళు మొదటిసారి తిని 'ఉడకలేదు' అంటారు. అన్నం పలుకుంటే ఎసట్లో నీళ్ళు చాలలేదనుకునే అలవాటు మనది. ఇటలీలో ఎండు పాస్తాను గట్టి గోధుమ రవ్వతోనే చెయ్యాలని 1967లో చట్టం చేశారు. అందుకే అది మెత్తబడి పాయసంలో సేమ్యా లాగా కరిగిపోదు. కొంచెం ఓపిక పడితే నాలుగో ప్లేటుకి ఆ పలుకులోని రుచి పట్టుబడుతుంది. చేత్తో తినవచ్చా అని అడిగే తమ్ముళ్ళకు: పందొమ్మిదో శతాబ్దంలో నేపుల్సు వీధుల్లో జనం తల వెనక్కి వాల్చి చేత్తోనే మాకరోనీ నోట్లోకి వదులుకునేవారు, ఆనాటి బొమ్మలున్నాయి. ఇప్పుడు మాత్రం ఫోర్కుతో చుట్టుకోవడమే. కత్తితో కోయకండి. చివర్న ప్లేటులో మిగిలిన సాసును రొట్టెముక్కతో తుడుచుకు తినడానికి 'స్కర్పెత్త' అని ముద్దుపేరు కూడా ఉంది. త్రత్తోరియాలో అది తప్పేమీ కాదు, వండినవాళ్ళకు సంతోషం.

మాంసాహారులకు చెప్పాల్సింది తక్కువే. తెస్తాచ్చొ పేటలో 1975 దాకా నగరపు కబేళా ఉండేది. జంతువును నాలుగు భాగాలు చేసి కలిగినవాళ్ళకు పోగా మిగిలిన తల, తోక, పేగులు, కాళ్ళు పనివాళ్ళకు దక్కేవి. దాన్నే 'ఐదో పాలు' అన్నారు. ఆ పేదవాళ్ళ వంటలే ఇవాళ రోము గర్వం. మన బోటికూర, తలకాయ మాంసం తినేవాళ్ళకు అక్కడి 'త్రిప్ప' పుట్టింటి వంటలా ఉంటుంది. కాకపోతే 'మాంజొ', 'వితెల్లొ' అంటే గొడ్డుమాంసం, దూడమాంసం, 'మయాలె' పంది, 'అబ్బాక్కియొ' గొర్రెపిల్ల, 'పొల్లొ' కోడి. ఎవరి నియమం వారిది గనక ఈ ఐదు మాటలూ కంఠస్థం చేసుకోండి. ముస్లిం మిత్రులు గ్వాంచాలెతో పాటు, సాసుల్లో ద్రాక్షసారాయి పోస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు శాకాహారులది. 'మాంసం లేదు' అన్న మాట మీద ఆధారపడితే చాలదు. పెకొరీనొ రొమానొ చెయ్యడానికి పాలు విరగగొట్టేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్టుతో. పర్మిజానొ చీజుకు దూడది. ఇది ఎవరో చాటున చేసే మోసం కాదు, ఆ చీజుల తయారీ నిబంధనల్లోనే ఉంది. అంటే కాచొ ఎ పేపెలో మాంసం ముక్క లేకపోయినా, నిష్ఠగా ఉండేవారికి అది పనికిరాదు. మా బృందంలో ఒక చెల్లెలు ఈ సంగతి ఆర్నెల్లు పోయాక తెలిసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ముందే తెలిసి తింటే అది ఎవరి నిర్ణయం వారిది, తెలియక తినడం వేరు. అందుకే ఇంత సాగదీసి చెప్పడం.

చీజు ఒక్కటే కాదు. వేయించిన గుమ్మడిపువ్వులో చిన్న చేప దాగుంటుంది. 'పుంతరెల్లె' అనే ఆకుకూర సలాదులోనూ ఆ చేపే. 'సుప్పలీ' అనే బియ్యపు ఉండల్లో చాలాచోట్ల మాంసం సాసు కలుపుతారు. 'పన్నకొత్త' అనే తీపిలో జెలటిన్, 'తిరమిసు'లో పచ్చిగుడ్డు. శనగల సూపు చూసి ప్రాణం లేచొస్తుంది గాని, అందులోనూ ఒకోసారి పందికొవ్వు పడుతుంది, అడగాలి.

మరి ఏం తినాలి? 'ఆల్యొ, ఓల్యొ ఎ పెపెరొంచీనొ': ఆలివు నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన స్పగెత్తి. మన తిరగమోత వాసనే! టమాటా, మిరపకాయల 'అర్రబ్యాత', చీజు చల్లవద్దని చెప్పి తెప్పించుకోండి. పిజ్జా అయితే 'మరినార': టమాటా, వెల్లుల్లి, వాము వాసన గల ఆకు, నూనె, అంతే, చీజు ఉండదు. పేరు చూసి చేపలుంటాయని భయపడకండి. చలికాలం చివర్న వచ్చే ఆర్టిచోకులను యూదుల వాడలో పువ్వులా విప్పి నూనెలో కరకరలాడేట్టు వేయిస్తారు, దానికోసం ఒక పూట ఖర్చు పెట్టొచ్చు. 'చికోరియ' అనే చేదాకు వెల్లుల్లితో వేయించినది ఎప్పుడూ దొరుకుతుంది. 'సోనొ వెజెతరియానొ' (ఆడపిల్లలైతే 'వెజెతరియాన') అని చెప్పి ఊరుకోకుండా, 'మాంసం వద్దు, చేప వద్దు, చీజు వద్దు' అని విడివిడిగా చెప్పండి. విసుక్కోరు. లోపల వంట చేసేది చాలాచోట్ల బంగ్లాదేశ్ నుంచో, ఈజిప్టు నుంచో వచ్చిన మనిషే. మన భాష రాకపోయినా మన తిండి సంగతి వాళ్ళకు తెలుసు. 2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశం ఇటలీ వంటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, మన దీపావళిని చేర్చింది కూడా అప్పుడే. ఆ వారసత్వాన్ని రోజూ పొయ్యి మీద నిలబెడుతున్న చేతుల్లో బంగ్లా చేతులు చాలా ఉన్నాయన్నది అభినందనల్లో ఎవరూ అనరు.

ఇక బిల్లు. ఇక్కడే చాలామందికి చెమటలు పట్టేది. ఇటలీలో 'కొపెర్తొ' అని తలకింత కూర్చున్నందుకు వేసే ఆచారముంది. రోము ఉన్న లాత్సియొ ప్రాంతంలో 2006లో చట్టం చేసి దాన్ని రద్దు చేశారు. అయితే అడక్కుండానే రొట్టె తెచ్చి పెట్టి 'పానె' అనే పద్దు కింద వసూలు చేస్తుంటారు. రొట్టె వద్దనుకుంటే రాగానే వెనక్కి పంపండి, ఆ హక్కు మీకుంది. నీళ్ళ సీసాకూ డబ్బే. ఊరంతా రెండున్నర వేల వీధి కుళాయిలు పగలూ రాత్రీ మంచినీళ్ళు పోస్తుండగా హోటల్లో నీళ్ళు కొనడం నాకైతే చివరిదాకా మనసొప్పలేదు!

చేప గానీ పెద్ద మాంసఖండం గానీ తెప్పించేవారు మెనూలో 'ఎత్తొ' అన్న మాట ఉందేమో చూడాలి. అక్కడ రాసిన ధర ప్లేటుకు కాదు, వంద గ్రాములకు. 2019లో ఇద్దరు జపాను యాత్రికులకు రోములో చేప స్పగెత్తికీ నీళ్ళకీ కలిపి 400 యూరోలు దాటిన బిల్లు వేశారని పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. తూచాక ఎంతవుతుందో ముందే అడగడంలో నామోషీ ఏమీ లేదు. టిప్పు ఇవ్వాలన్న నిర్బంధం లేదు, చిల్లర వదిలేస్తే చాలు. బిల్లు మీరు అడిగితే తప్ప తేరు. తినడం అయిపోయిన మనిషిని లేపడం మర్యాద కాదని వాళ్ళ ఉద్దేశం. మన ఉడిపి హోటల్లో వెనకాల నిలబడి కుర్చీ కోసం చూసే అలవాటున్నవాళ్ళకు ఇది కొత్తగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది 'అల్లా రొమాన'. అంటే మొత్తం బిల్లును తలలతో భాగించి సమానంగా వేసుకోవడం. పదిమందిలో తొమ్మిదిమంది మాంసమూ సారాయీ పుచ్చుకుని, పదోవాడు ఆల్యొ-ఓల్యొ తిన్నా వాటా ఒకటే. స్కాలర్‌షిప్పు మొదటి వాయిదా నెలలు ఆలస్యంగా వచ్చే రోజుల్లో ఇరవై యూరోల తేడా అంటే వారం కూరగాయలు. దీనివల్లే మనవాళ్ళు చాలామంది పిలుపులు తప్పించుకుంటారు, కారణం మాత్రం చెప్పరు. దీనికి మందు సులభం. కూర్చున్నప్పుడే, బిల్లు వచ్చాక కాదు, 'నాది నేను విడిగా ఇస్తాను' అని నవ్వుతూ అనేయండి. అక్కడి విద్యార్థుల్లోనూ సగంమందికి డబ్బు ఇబ్బందులే. మా బృందంలో ఒకడు అలా అన్న రాత్రే మరో ముగ్గురు ఇటాలియన్లు 'మాదీ విడిగానే' అన్నారు.

భోజనమయ్యాక పాలనురగ కాపుచ్చీనొ అడిగితే వింతగా చూస్తారు, అది పొద్దుటి పూట వస్తువు. రెండు గుక్కల నల్ల కాఫీ తాగండి. బల్ల దగ్గర కాకుండా పక్కవీధి కాఫీ బారులో నిలబడి తాగితే 1 యూరో చిల్లరతో పోతుంది.

రోజూ హోటలు తిండి ఎవరికీ సాధ్యం కాదు, అక్కడివాళ్ళకీ కాదు. పగటి పూట విశ్వవిద్యాలయపు 'మేన్స' ఉంది, మన మెస్సు లాంటిదే. ఆదాయాన్ని బట్టి ధర. స్కాలర్‌షిప్పు వచ్చినవారికి ఉచితంగానో, స్వల్ప ధరకో భోజనం పెడతారు. త్రత్తోరియా నెలకొకటి రెండుసార్లు చాలు. రాత్రి వంట ఏడున్నర, ఎనిమిదికి గాని మొదలుకాదు, ఆరింటికి పోయి తలుపు తట్టకండి. ఆగస్టు నెల నడుమ 'సెలవు' అని చీటీ అంటించి సగం హోటళ్ళు మూసేస్తారు. ఆ పదిహేను రోజులకు సరిపడా కందిపప్పు, చింతపండు ఇక్కణ్ణించే మూట కట్టుకుపొండి.